రెండో గాడి

నా టైలరమ్మకు,

ఇక్కడ నేనూ, నా గ్రౌండ్ గడ్డీ, దుప్పటి కప్పుకుని మూలన కూర్చున్న నీ కుట్టుమిషనూ కులాసా. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ, ఇల్లంతా తన చెప్పుచేతల్లో పెట్టుకున్న మనవరాలూ బాగున్నారని నీ ఉత్తరం చూసి స్థిమితపడ్డాను. ఫోన్ మోగితే పాప లేస్తోంది, ఉత్తరాలే రాయండి అని నువ్వు అన్నప్పుడు నాకు కోపమొచ్చింది. ఇప్పుడు అదే మంచిదయింది. ఈ ఉత్తరంలో రాయబోయే సంగతి ఫోన్లో అయితే నా నోటినుంచి వచ్చేది కాదు. కంగారుపడకు, నా ఒంట్లో బాగానే ఉంది. చివరిదాకా చదువు, మధ్యలో ఆపి కళ్ళజోడు విసిరికొట్టకు. మొన్ననే బాగుచేయించుకున్నానని రాశావు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. రెండు రోజులు మర్చిపోయాను. నాలుగని నువ్వు అనుకుంటావు, కానీ రెండే. చేయి కాల్చుకోవడం అలవాటైపోయింది. కూరలో ఉప్పు ఒకరోజు పడదు, మర్నాడు నిన్నటిది కూడా కలిపి పడుతుంది. వంటింటి పంపు కారడం ఆగింది. నువ్వు లేక మన ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు జెర్సీల నంబర్లు బయట ఇచ్చి అంటింపించారు. పోయిన మ్యాచ్‌లో పదిహేడో నంబరువాడి జెర్సీ మీది ఒకటి అంకె ఊడిపోయి ఏడో నంబరువాళ్ళు ఇద్దరయ్యారు. రిఫరీ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చాలాసేపు చూశాడు. కుట్టినదానికీ అంటించినదానికీ తేడా ఇప్పటికైనా తెలిసిందా అని నేను గట్టిగానే అన్నాను, నీ తరఫున.

పాపను ఎత్తుకోవడం కూడా తనకు సరిగ్గా రావడం లేదని అమ్మాయి ఏడుస్తోందని రాశావు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, అది పుట్టినప్పుడు నువ్వు ఎన్ని రోజులు భయపడ్డావో చెప్పు. స్నానం చేయించడానికి ముగ్గురం కావలసి వచ్చేది. నువ్వు నీళ్ళు పోస్తే, మీ అమ్మ పట్టుకుంటే, నేను అవతల గదిలో నిలబడి వణికేవాణ్ణి. ఐదు వారాలకే ఎవరికి ఏం వస్తుంది? నాన్న ఇలా అన్నాడని చెప్పు. ఈ మాట చెప్పే అర్హత నాకు ఉందో లేదో, ఉత్తరం పూర్తయ్యాక నువ్వే తేల్చు.

ఇక నువ్వు అడిగిన అసలు ప్రశ్న. "ఆ సుద్దముక్క ఇంకా ఉన్నాడా, ఊడిపోయాడా?" అని ఒక లైనులో రాసి, కింద ఇంకో లైను రాశావు. "అతను నిజంగానే చేతకానివాడా, లేక మీ కళ్ళకే అలా కనిపిస్తున్నాడా?" ముప్పై ఏళ్ళుగా నాతో కాపురం చేసినదానివి కాబట్టి ఆ రెండో లైను రాయగలిగావు. పది రోజులు ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను.

ఉన్నాడు. కానీ నిన్న మధ్యాహ్నం నాలుగు గంటలదాకా ఉంటాడో ఊడతాడో ఎవరికీ తెలియదు.

నువ్వు అమ్మాయి దగ్గరికి వెళ్ళిన వారానికి వచ్చాడు కదా ఈ కొత్త మేనేజర్. నువ్వు చూడలేదు కాబట్టి చెబుతున్నాను. ముప్పై నాలుగేళ్ళుంటాయి. సన్నగా, కరెంటు స్తంభంలా ఉంటాడు. జేబుల నిండా సుద్దముక్కలే. గోడ కనిపిస్తే చాలు, గీతలు గీసి బాణాలు వేసి ఎవడు ఎటు పరిగెత్తాలో చెబుతాడు. మన పనిముట్ల షెడ్డు గోడలు కూడా వదల్లేదు. వచ్చిన మర్నాడే టిఫిన్ డబ్బా పట్టుకుని షెడ్డులోకి వచ్చి, "బాబాయ్, ఇక్కడ కూర్చుని తినొచ్చా?" అని అడిగాడు. రోలర్ మీద ఒక గుడ్డ పరిచి కూర్చున్నాడు. ఆ రోజునుంచి మధ్యాహ్నం భోజనం రోజూ అక్కడే. నేను ముభావంగా ఉన్నా తన పాటికి తాను మాట్లాడేవాడు. ఇవేవీ నీకు రాయలేదు. వాడికి ఏమీ చేతకాదు, ఆట చెడగొడుతున్నాడు అని మాత్రమే రాశాను.

లెక్క చూస్తే నా మాట నిజమే అనిపిస్తుంది. తొమ్మిది మ్యాచ్‌లు అయ్యాయి. బయటి ఊళ్ళలో ఐదు ఆడితే రెండు గెలిచారు, రెండు సమం, ఒకటి పోయింది. మన గ్రౌండ్‌లో నాలుగు ఆడితే నాలుగూ పోయాయి. సొంత జనం ముందు నిలబడలేకపోతున్నాడు, గుండె లేదు అని పేపర్లో వేశారు. గ్యాలరీలోంచి సుద్దముక్కలు విసరడం మొదలుపెట్టారు. నాలుగో మ్యాచ్ అయ్యాక వాటిని ఏరుతుంటే ఆయనే వచ్చి నాతోపాటు వంగి ఏరాడు. "పారేయకండి బాబాయ్, పనికొస్తాయి," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ గొంతు నవ్వడం లేదు.

ఆ సాయంత్రమే ప్రెసిడెంటు నన్ను పిలిచాడు. "గురువారం నాలుగింటికి కమిటీ కూర్చుంటోంది. ఇతనికి ఇంకా టైమివ్వాలా, పంపించేయాలా అని తేల్చేస్తాం. పొద్దున్నించి సాయంత్రందాకా దగ్గరుండి చూసేది నువ్వే. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు, చాలు," అన్నాడు. పద్నాలుగేళ్ళలో నన్ను ఆ గదిలోకి పిలవడం అదే మొదలు. ఏం చెప్పాలో నా దగ్గర సిద్ధంగానే ఉంది.

ఇప్పుడు చెబుతాను. నీళ్ళు తాగి వచ్చి చదువు.

వచ్చిన వారంలోనే ఆయన నన్ను ఒక్కటే అడిగాడు. "బాబాయ్, గడ్డి ఇంకా పొట్టిగా కావాలి. మా వాళ్ళు బంతిని కింద నుంచే, త్వరత్వరగా ఇచ్చుకుంటూ ఆడతారు. గడ్డి పెరిగితే బంతి మధ్యలో ఆగిపోతుంది. అంగుళం కన్నా తక్కువ ఉంచగలరా?" అని. మన కోత బండి నీకు తెలుసు, పక్కన మీట ఉంటుంది, దానికి ఐదు గాడులు, అంకె పెరిగేకొద్దీ గడ్డి పొడుగు. రెండో గాడిలో పెడితే ఆయన అడిగినంత వస్తుంది. నేను సరే అన్నాను. అని, ఎప్పటిలాగే నాలుగో గాడిలో పెట్టి కోశాను.

మొదటి మ్యాచ్‌కీ నాలుగే. రెండోదానికీ నాలుగే. మొత్తం నాలుగు మ్యాచ్‌లకూ నాలుగో గాడే. గడ్డిమీద చారలు మాత్రం అద్దంలో చూసుకున్నట్టు తీర్చి కోశాను, గ్యాలరీలోంచి చూసిన ఎవడికీ అనుమానం రాదు. మన ఆటగాళ్ళు పదహారేళ్ళుగా ఆ గడ్డికే అలవాటు పడ్డారు, తేడా ఏముందని అడుగుతారు? ప్రాక్టీసు గ్రౌండ్ వేరే కాంట్రాక్టరు చూస్తాడు, అక్కడ పొట్టిగానే ఉంటుంది. అక్కడ అద్దిరిపోయేలా ఆడినవాళ్ళు ఇక్కడికొచ్చి ఎందుకు బురదలో నడిచినట్టు నడుస్తున్నారో అర్థంకాక ఆయన జుట్టు పీక్కున్నాడు. రెండో మ్యాచ్ తర్వాత అడిగాడు కూడా. "బాబాయ్, గడ్డి తగ్గించారు కదా?" "తగ్గించాను సార్, వానలకి నేల మెత్తబడింది, అందుకే బంతి కదలడం లేదు," అన్నాను. "మీరు తగ్గించానంటే తగ్గించినట్టే," అన్నాడు. వంగి చూడను కూడా చూడలేదు. ఇన్నేళ్ళు గడ్డి కోశాను గానీ తినలేదు. ఈసారి తిన్నాను.

ఎందుకు చేశానని అడుగుతావు. మన పెద్దాయన్ని, పాత మేనేజర్‌ని, పదహారేళ్ళ చాకిరీకి ఒక గోడగడియారం చేతిలో పెట్టి సాగనంపిన రోజు నువ్వూ అక్కడే ఉన్నావు. ఆ రోజు నేను భోజనం ముట్టలేదు. ఆ కోపం కమిటీ మీద చూపించే దమ్ము లేక, కొత్తగా వచ్చినవాడి మీద చూపించాను. ఇంకొకటి కూడా ఉంది. నేను పనిలో చేరిన మొదటి రోజు మీ నాన్న నాకు ఆ బండి అప్పగించినప్పుడు మీట నాలుగో గాడిలో ఉంది. అది మీ నాన్న పద్ధతి అనుకున్నాను. ఆయన పోయాక, ఎవడో నిన్నగాక మొన్న వచ్చినవాడు చెబితే దాన్ని మారుస్తానా అని పట్టుపట్టాను. మీ నాన్న మాట నిలబెడుతున్నాననే నమ్మకంతోనే అబద్ధమాడాను.

ప్రెసిడెంటు పిలిచిన మర్నాడు, ఆదివారం, పెద్దాయన ఇంటికి వెళ్ళాను. శుభవార్త మోసుకెళ్తున్నట్టు హుషారుగా వెళ్ళాను. ఆయన వసారాలో కూర్చుని, వాళ్ళిచ్చిన గోడగడియారం విప్పి ముందు పెట్టుకున్నాడు. రోజుకి పది నిమిషాలు ముందుకు పోతోందట. నేను చెప్పేశాను. "మీ గడ్డి మీకే ఉంది సార్, వెంట్రుకంత కూడా తగ్గనివ్వలేదు. గురువారంతో ఆ సుద్దముక్క పని అయిపోతుంది," అన్నాను.

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"నా మీద అభిమానంతో చేశావా ఈ పని?"

"అవును సార్."

"నా మొదటి ఏడాది నువ్వు లేవు కదూ?"

"లేను సార్. నేను చేరింది ఆ తర్వాత రెండేళ్ళకి."

"తొమ్మిది మ్యాచ్‌లు వరసగా ఓడిపోయాం. జనం నా స్కూటర్ టైర్లలో గాలి తీసేసేవాళ్ళు. మీ మామగారికి పొట్టి గడ్డంటే ప్రాణం. బండి ఎప్పుడూ రెండో గాడిలోనే ఉండేది. నాలుగో గాడి కావాలని అడిగింది నేను, నా ఆటకి బంతి ఎక్కడ పడితే అక్కడే ఆగాలి. 'పొలంలా ఉంటుంది సార్' అని ముఖం చిట్లించాడాయన. మర్నాడు పొద్దున్న చూస్తే నాలుగో గాడిలో కోసి పెట్టాడు. కమిటీవాళ్ళు నన్ను పంపించేద్దామంటే, 'ఆయన అడిగిన గడ్డి మీద ఆయన్ని ఇంకొన్నాళ్ళు ఆడనివ్వండి, అప్పటికీ రాకపోతే చూద్దాం' అన్నాడు. నాకు ఆ పదహారేళ్ళూ వచ్చింది అక్కడినుంచే."

ఆయన మళ్ళీ గడియారం చేతిలోకి తీసుకున్నాడు. "నా పేరు చెప్పి ఇంకొకడి కడుపు కొట్టకు. వెళ్ళు," అన్నాడు. టీ తాగమని కూడా అనలేదు. ఆయన ఇంట్లో టీ తాగకుండా లేచి రావడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చి మీ నాన్న ఫొటో ఉన్న గదిలోకి వెళ్ళలేకపోయాను. నవ్వకు. తువ్వాలు ఆ గదిలోనే ఉందని తెలిసీ తడి ఒంటితోనే చొక్కా వేసుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం కొత్త మేనేజర్ ఎప్పటిలాగే డబ్బా తెచ్చుకుని రోలర్ మీద కూర్చున్నాడు. తినకుండా గోడమీద గీతలు చూస్తూ, "బాబాయ్, ఎడమకాలుని టీమ్‌లోంచి తీసేశాను. పొద్దున్నే చెప్పాను," అన్నాడు. మన ఎడమకాలు నీకు తెలుసు, ఎడమకాలితోనే ఆడతాడని అందరూ పెట్టిన పేరు, డిపోలో కూల్‌డ్రింకు పెట్టెలు దింపి ప్రాక్టీసుకు పరిగెత్తుకొచ్చేవాడు, నువ్వు రెండుసార్లు నిక్కర్లు వదులు చేసి ఇచ్చావు. "వాడి పాస్‌లు చేరడం లేదు. ముప్పై రెండేళ్ళొచ్చాయి, కాళ్ళు అయిపోయాయి అన్నాను. అందరి ముందూ అనేశాను. వాడు తల వంచుకుని వెళ్ళిపోయాడు. తప్పు వాడిదో, చూసే నాదో తెలియడం లేదు. నాకు ఈ పని రాదేమో బాబాయ్."

అమ్మాయి ఏడుస్తోందని నువ్వు రాసిన మాటే ఆయన నోట వినిపించింది. ఇక ఉండబట్టలేక చెప్పేశాను. గడ్డి తగ్గించలేదు సార్, ఒక్కసారి కూడా తగ్గించలేదు, అన్నాను.

"నాలుగు మ్యాచ్‌లకీనా?"

"నాలుగింటికీ."

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. డబ్బా మూత పెట్టాడు. "నన్ను తిట్టి ఉండాల్సింది. మొదటి రోజే, నీ మాట నేను వినను పో అని ఉండాల్సింది," అన్నాడు. గుమ్మం దాటబోతూ ఆగి, "వాడికి నేను ఏమని చెప్పను ఇప్పుడు?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పని నేను చేస్తాను సార్ అన్నాను.

డిపోకి వెళ్ళి ఎడమకాలుని బతిమాలి గ్రౌండ్‌కి తీసుకొచ్చాను. బండి మీట పైకి లేపి, తుప్పు వదలగొట్టి రెండో గాడిలో వేశాను. ఆ గాడి అంచులు నున్నగా అరిగి ఉన్నాయి. ఇన్నేళ్ళు రోజూ ఆ బండి తుడిచి కూడా, ఆ అరుగుదల ఎవరి చేతిదో ఒక్కసారీ ఆలోచించలేదు నేను. గ్రౌండ్ ఈ చివరినుంచి ఆ చివరికి ఒక్క పట్టీ కోసి, "కొట్టు" అన్నాను. ఎడమకాలు అనుమానంగా చూసి, తేలిగ్గా తన్నాడు. బంతి ఎక్కడా ఆగకుండా వెళ్ళి అవతలి బోర్డుకి కొట్టుకుంది. అతను ఇంకోసారి తన్నాడు. ఇంకోసారి. తర్వాత అటు తిరిగి నిలబడి చాలాసేపు మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "మా ఆవిడతో కూడా చెప్పేశానన్నా, ఇంక నావల్ల కాదు, మానేస్తున్నానని," అన్నాడు. నన్ను ఒక్క దెబ్బ కొట్టినా బాగుండేది.

నిన్న నాలుగింటికి కమిటీ గదిలోకి వెళ్ళాను. మేనేజరూ అక్కడే ఉన్నాడు, ఒక మూల కుర్చీలో. ప్రెసిడెంటు "చెప్పవయ్యా" అనగానే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఆట ఈ గ్రౌండ్‌లో ఇంకా ఎవరూ చూడలేదు, నేను చూడనివ్వలేదు, ఆయన అడిగిన గడ్డి మీద ఆయన్ని ఇంకొన్నాళ్ళు ఆడనివ్వండి, అన్నాను. మీ నాన్న మాటే అప్పు తెచ్చుకున్నాను. మీ నాన్న దాన్ని మంచి పనికి వాడాడు, నేను పాపం కడుక్కోవడానికి వాడాను.

ప్రెసిడెంటు ఒంటికాలి మీద లేచాడు. "ఈ క్షణమే తాళాలు అక్కడ పెట్టి నడువు!" అన్నాడు. నేను తాళాలు తీసి బల్లమీద పెట్టాను కూడా. అప్పుడు మూలనుంచి ఆయన లేచాడు.

"నాకు ఎన్ని ఆటలు ఇద్దామనుకుంటున్నారు?" అని అడిగాడు.

"ఇప్పుడీ సంగతి తెలిశాక... ఇంకో నాలుగు. మన గ్రౌండ్‌లో," అన్నాడు ప్రెసిడెంటు.

"అయితే ఈయనకీ ఆ నాలుగే ఇవ్వండి. ఈయన తొమ్మిది వారాలు తప్పు చేశారు. పద్నాలుగేళ్ళు చేయలేదు. నాకు ఆ గడ్డి కోసి ఇవ్వడానికి ఇప్పుడు కొత్తవాణ్ణి ఎక్కడ వెతకను?" అన్నాడు.

తాళాలు నా చేతికి మళ్ళీ ఇచ్చింది ప్రెసిడెంటే, విసుక్కుంటూ. మేనేజర్ నా వైపు చూడలేదు.

ఇది సినిమా కాదు కాబట్టి ఆ తర్వాతది కూడా రాస్తాను. బయటికొచ్చాక దండం పెట్టబోతే, "వద్దు. నా కోపం ఇంకా పోలేదు," అన్నాడు. సోమవారం తర్వాత మధ్యాహ్నాలు షెడ్డుకి రావడం లేదు. ఆ గుడ్డ రోలర్ మీద అలాగే ఉంది, తీయబుద్ధి కాలేదు. ఇవాళ పొద్దున్నే గ్రౌండ్ మొత్తం రెండో గాడిలో కోశాను. ఆయన వచ్చాడు, జేబులోంచి స్కేలు తీశాడు. గోలు దగ్గర, మధ్యలో, అంచున, మూడు చోట్ల వంగి కొలిచాడు. "సరిగ్గా ఉందండీ," అన్నాడు. బాబాయ్ అనలేదు. నేను తగ్గించానంటే తగ్గించినట్టే అన్న మనిషి, ఇక రోజూ కొలుస్తాడు. ప్రెసిడెంటు తాళాలు తీసేసుకుని ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

రేపు మ్యాచ్. గెలుస్తారో ఓడతారో నాకు తెలియదు. ఎడమకాలు ఆడుతున్నాడు. ఓడినా ఈసారి అది వాళ్ళ ఆటే అవుతుంది, నా గడ్డి కాదు. నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను, అతను చేతకానివాడు కాడు. నా కళ్ళకే అలా కనిపించాడు, కనిపించేలా నేనే చేసుకున్నాను.

నీకు కూడా తొమ్మిది వారాలు అబద్ధాలు రాశాను. మీ నాన్న బండితో, మీ నాన్న పేరు చెప్పుకుని చేశాను. ఆయన కూతురివి నువ్వు, నీ ముందు ఏ ముఖం పెట్టుకోను? వాళ్ళు నాలుగు ఆటలిచ్చారు. నువ్వెన్నిస్తావో నీ ఇష్టం. రెండిచ్చినా సర్దుకుంటాను. నువ్వొచ్చాక నా మాటలన్నీ మేనేజర్‌లాగే స్కేలు పెట్టి కొలిచినా ఏమీ అనుకోను. కానీ నువ్వు కొలవకుండా నమ్మే రోజు మళ్ళీ వస్తుందని ఎదురుచూడనివ్వు.

అమ్మాయికి ఈ ఉత్తరం చదివి వినిపించు, దాచకు. పాపకు మాత్రం తాతయ్య మంచివాడని చెప్పు, దానికి ఇంకా ఏమీ తెలియదు కదా. జవాబు రాయి. నాలుగు పేజీలు తిట్టినా సరే, రాయి.

ఇట్లు,
రెండో గాడిలోకి వచ్చిన
నీ ఆయన